నీలమ్మ రాసే మందు

డాక్టరు భీమేశ్వరరావు నా మోచేతులు తిప్పి తిప్పి చూశాడు. రెండేళ్లయినా ఒక్క మచ్చ కూడా తగ్గలేదు.

"మందు రోజూ రాస్తున్నారాండీ?"

"పొద్దుగూకంగనే నేనే రాస్తున్న సారూ" అంది నా భార్య నీలమ్మ.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అసలు సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. కొత్తగూడలో బండలు పగలగొట్టే మొనగాణ్ణి నేను. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా ఇంటిపట్టున ఉండి పెళ్లాం పక్కన కూర్చుని నాలుగు మాటలాడిన పాపాన పోలేదు. ఈ పొలుసుల జబ్బు వచ్చాకే ఆమె రోజూ అరగంట నా ముందు పీటేసుకుని కూర్చుంటోంది. సీసా నన్ను ముట్టనివ్వదు. "నీ మొరటు చేతులకు రాయనొస్తదా?" అంటుంది. ఆ నల్లటి మందు మెల్లగా రాస్తూ, పక్కింటి రుక్కమ్మ కోడి దగ్గర్నుంచి పుట్టింటి పంచాయతీల దాకా అన్నీ చెబుతుంది. నేను ఊఁ కొడతాను. ఆ అరగంట కోసం పొద్దంతా ఎదురుచూస్తాను. నలభై ఐదేళ్ల మీసాల మనిషికి ఇదేం రోగమో!

జబ్బు తగ్గితే ఆ అరగంట పోతుంది. అందుకే ఆమె వంటకు లేవగానే బావి దగ్గరికి పోయి, కుంకుడు రసంతో తోమి తోమి కడిగేసేవాణ్ణి. శేరిలింగంపల్లి చుట్టుపక్కల నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

డాక్టరు చీటీ రాశాడు. "ఇక ఇక్కడ లాభం లేదండీ. పట్నంలో పెద్దాసుపత్రిలో చేరండి. మూడు నెలలు పడుతుంది. వెంట ఎవర్నీ ఉండనివ్వరు."

నేను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంటికి నడుస్తుంటే నీలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. అది చూసి నేనిక ఆగలేకపోయాను.

"తప్పు నాదే నీలమ్మా. నువ్వు రాసినంక రోజూ కడుక్కుంటున్న. తగ్గితే నువ్వు నా దగ్గర కూసోవని."

దుమ్మెత్తిపోస్తుందనుకున్నాను. ఆమె దారిలోనే ఆగిపోయి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు కడిగింది మందైతే గదా! జబ్బు పోతే మల్ల ఇంట్ల నిలువవని తొలినాటి సంది నేను రాస్తున్నది దీపం మసి కలిపిన ఆముదం!"