టూరిన్‌లో ఆవకాయ

సోమవారం ఇటాలియన్ ఓరల్ పరీక్ష. ఆదివారం పొద్దుటి నుంచీ నీహారికకు ముద్ద దిగటం లేదు.

తప్పంతా ఆమె నోటిదే. కంప్యూటర్లను రాబోయే రెండువేల సంవత్సరం గండం నుంచి గట్టెక్కించడానికి కంపెనీ కిందటేడు ఆమెను టూరిన్ పంపింది. ఆరు నెలలుంది. ఉండటం మాత్రం నలుగురు తెలుగమ్మాయిలతో, ఒకే ఫ్లాట్లో. కుక్కర్ కూతలు, ఆవకాయ, చారు, తెగని కబుర్లు. ఆఫీసులో ఇంగ్లీషు. కూరగాయల కొట్లో వేలు చూపిస్తే సరిపోయేది. ఇటాలియన్‌తో పనే పడలేదు.

ఆ ముక్కే చెప్పి ఊరుకుంటే బాగుండేది. తిరిగొచ్చిన రోజు మేనేజర్ వెంకటనారాయణగారు అందరి ముందూ, భాష పట్టుబడిందా అమ్మా అని అడిగితే, మంచినీళ్ల ప్రాయం సార్ అనేసింది.

ఈసారి టూరిన్ వెళ్లేవాళ్లకు భాష వచ్చితీరాలని కంపెనీ పరీక్ష పెట్టింది. వినడానికి వెంకటనారాయణగారు కూడా కూర్చుంటారట. ఒక్కసారి తడబడితే చాలు, నీహారిక పరువు గంగలో కలిసినట్టే.

అందుకే కొండాపూర్‌లోని కిరాయి ఇంట్లో వారం నుంచీ ఇటాలియన్ పాఠాల క్యాసెట్ అరిగిపోతోంది. ఆదివారం మధ్యాహ్నం, అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఇంటి ఓనరు సక్కుబాయిని కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టింది.

"కోమె సి కియామా?" అంటే మీ పేరేమిటని. "దోవె అబిత?" అంటే ఎక్కడుంటారని. ప్రశ్నా తనే, జవాబూ తనే. సక్కుబాయి కాసేపు ఓపిక పట్టింది.

"గివే వస్తయని నీకెట్ల ఎర్క బిడ్డా? కాయితం గిట్ల దొరికిందా?"

"వేరేవి రావు ఆంటీ. నా భయం అది కాదు. అవతలివాళ్లు మధ్యలో నాకు తెలియని మాటేదో అంటే ఏం చెయ్యను?"

"జర నవ్వు. తలకాయ ఊపు. పెద్దసార్లందరు చేసేది గదే."

నీహారికకు ఆ పూట మొదటిసారి ఆకలేసింది. చిక్కుడుకాయ కూరతో కడుపునిండా తింది.

సోమవారం హైటెక్ సిటీలో పరీక్ష గది బయట, టూరిన్ వెళ్లాల్సిన రోహిత్, యశస్విని గోడవైపు తిరిగి క్రియాపదాలు వల్లె వేస్తున్నారు. ఇద్దరి మొహాల్లోనూ నెత్తుటి చుక్క లేదు. నీహారిక వాళ్లకు ఆల్ ది బెస్ట్ చెప్పింది.

"నాక్కూడా చెప్పండి," అంది.

జోకనుకుని ఇద్దరూ నవ్వారు.

లోపలికి వెళ్లి, వెంకటనారాయణగారి పక్క కుర్చీలో సర్దుకు కూర్చుని, తను అడగాల్సిన ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని, నీహారిక మొదటి అభ్యర్థిని పిలిచింది.