మూకీ సినిమాకి మాటలు

"'నన్ను క్షమించండి' అంటోంది," తెర మీది ఇంగ్లీషు అక్షరాలు చదివాడు శ్రీహర్ష. 2008, ఆడవాళ్లు కారు నడపకూడని రియాద్‌లో ఓ శుక్రవారం మధ్యాహ్నం. ఎనభై ఏళ్ల కింద ఒకావిడ తీసిన మూకీ సినిమా వాళ్లింట్లో ఆడుతోంది.

"కాదు, ఆ మొహం చూడండి. 'నీకో దణ్ణం, నే పోతున్నా' అంటోంది," అంది భార్య చరిత.

చప్పుడు వినపడకపోయినా, కథానాయిక వెనక తలుపు దడాలుమంది.

సినిమా చూడ్డానికొచ్చిన పక్క ఫ్లాటు ఆశా పడీపడీ నవ్వింది. "ఇలా చెబితే పిల్లలు కదలరు! శ్రీహర్షగారూ, మా స్కూల్లో టీచర్ పోస్టుంది. చరితని పంపుతారా?"

"తనకి ఇంటిపనే..." అనబోయి ఆగాడు శ్రీహర్ష. రెండేళ్లుగా డాక్టరు దగ్గరా, కొట్లోనూ ఆమె మాట తనే చెబుతున్నాడు. ఈసారి చరిత మొహం చూశాడు.

"ఆమెనే అడగండి. నేను వట్టి డ్రైవర్ని."

"రేపు శనివారం, ఇక్కడ స్కూళ్లు తెరిచే రోజేగా? ఆరున్నరకల్లా కారు తియ్యండి, డ్రైవరుగారూ!" అంది చరిత.