పసుపు దీపాలు

కార్లు మంచులో కూడా తమంతట తామే దారి చూసుకోవడం నేర్చాక, వాటికి దీపాలు పెట్టడం మానేశారు. నిరుడు లంబసింగి రోడ్డు దాటుతున్న నా భార్య సూరమ్మను అలాంటి కారే గుద్ది చంపేసింది. ఆమెకు అది కనపడలేదు.

నా పాత కారుకు బంపరు కింద పసుపు ఫాగ్ లైట్లు ఇంకా ఉన్నాయి. ఈ ఉదయం దట్టమైన మంచులో ఇన్‌స్పెక్టరు ఆపాడు.

“ఇవి పీకీయాల బాబాయ్. ఇప్పుడు ఏ బండికీ దీపాలక్కర్లేదు.”

“బండికి అక్కర్లేదు. రోడ్డు దాటే మనిషికి బండి కనపడొద్దా?”

“రూలు నాది కాదు.”

నోటీసు చేతిలో పెట్టి, రోడ్డవతలున్న తన జీపు వైపు కదిలాడు. దీపం లేని కారొకటి అతని ముందునుంచి రయ్యిన పోయింది. వెనక్కి వచ్చాడు.

“నేను దాటీదాకా దీపాలు ఎలగనీ బాబాయ్.”

ఆర్పలేదు. అతని మీద జాలిపడి కాదు. ఇంటి దగ్గర అతనికీ భార్య ఉండి ఉంటుంది.