మంచం కింద ప్రింటరు

"మేట్రన్ వత్తందే. గది గదీ ఎతుకుతంది" అని పక్కగది నీలవేణి తలుపులోంచి చెప్పేసి పరుగు తీసింది.

ఇందు పైప్రాణాలు పైనే పోయాయి. ప్రింటరు బల్ల మీద నిక్షేపంగా కూర్చుని ఉంది. పొద్దున్న కాగితాలు అయిపోతే, అదే గదిలో ఉండే భవాని ఇప్పుడే కొత్త కట్ట పెట్టి స్విచ్ వేసింది. ఇద్దరూ కలిసి దాన్ని మంచం కిందికి తోసి, దుప్పటి నేలదాకా లాగారు. ప్లగ్గు తీసే వ్యవధి లేకపోయింది.

టెక్కలి శివార్లలోని ఆ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో ఫోనూ లాప్‌టాపూ తప్ప మరేదీ వైఫైకి తగిలించకూడదు. దొరికితే గది ఖాళీ చెయ్యాల్సిందే. గది పోతే భవాని రోజూ పూండి అవతలున్న ఊరి నుంచి రావాలి. రైలు ఒక్కసారి తప్పినా ఆఖరి ఏడాది ప్రాక్టికల్స్ గోవిందా.

ఇలాంటి పిల్లకా ఈ కష్టం అనుకుంది ఇందు. వైఫైలోకి రావాలంటే ముందు పేరూ పాస్‌వర్డూ కొట్టాలి. ప్రింటరుకి మీటలెక్కడివి? సీనియర్లంతా చేతులెత్తేశారు. ఉద్దానం కొబ్బరితోటల్లోంచి వచ్చిన ఈ భవాని మాత్రం హాస్టల్ నెట్‌లో తన లాప్‌టాప్ పేరున నమోదైన చోటుని ప్రింటరుకి ఇచ్చేసి, తను ఫోను డేటాతో సర్దుకుంది. ఇప్పుడు హాస్టల్లో ఏ గదిలోంచి నొక్కినా కాగితం ఇక్కడే పడుతుంది. అర్ధరూపాయి పుచ్చుకోకుండా, విసుక్కోకుండా అందరి రికార్డులూ తీసిచ్చింది. మనిషంటే అలా ఉండాలి అనుకునేది ఇందు.

మేట్రన్ వరహాలమ్మ గుమ్మంలో నిలబడింది. ఆవిడ గొంతెత్తితే మెస్సులో గరిటెల చప్పుడు కూడా ఆగిపోతుంది.

"తలుపేసుకుని ఏటే సేత్తన్నారు?"

"సదూకుంటన్నాం మేడమ్" అంది ఇందు.

"పుస్తకం ఏదే?"

ఇందు దిండు కింద వెతికింది. వరహాలమ్మ చేతిలోని ఫోను ఎత్తి చూపించింది. "ఈ మేడ మీద ఎక్కడో పింటరుంది. దీన్లో దాని పేరు కనిపిత్తంది. ఏ గదిలో ఉందో సెప్పండి."

"మాకు తెల్దు మేడమ్" అంది ఇందు. అంటూనే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వెళ్లి మంచానికి అడ్డంగా నిలబడింది.

సరిగ్గా అప్పుడే మంచం కింద గుర్రుమంది. చక్రాలు తిరిగాయి. దుప్పటి అంచు పైకి లేచి, ఓ కాగితం మెల్లిగా తల బయట పెట్టింది.

భవాని ముందుకొచ్చింది. "నాదే మేడమ్. నానే తెచ్చినాను, నానే తగిలించినాను. ఇందుకేటీ తెల్దు."

"పొద్దున్నుంచి ఇందులో వచ్చిన కాయితాలు ఎవులికిచ్చినావు?"

"ఆ పేర్లు సెప్పను మేడమ్. గది కాళీ సేసీమంటే సేసెత్తాను."

హాస్టలంతా వాడుకున్న యంత్రం తాలూకు నేరాన్ని ఆ పిల్ల ఒక్కర్తే నెత్తిన వేసుకుంది. ఇందుకి కళ్లు చెమర్చాయి. తన పిరికితనం మీద తనకే కోపం వచ్చింది. వెళ్లి భవాని పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుంది.

"నాకూ తెలుసు మేడమ్. నానూ వాడుకున్నాను. దీన్ని పంపితే నన్నూ పంపీండి."

వరహాలమ్మ మోకాళ్ల మీద కూలబడి దుప్పటి ఎత్తింది. మొదటి కాగితం తీసేలోపు రెండోది వచ్చింది. దాని వెనకాలే మూడోది. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని పైకాగితాన్ని పైనుంచి కిందిదాకా చదువుకుంది. దాన్ని గుండెలకి ఆనించుకుంది.

"నా హాల్‌టికెట్టే తల్లీ. ఫోన్లో మూడుమాట్లు నొక్కీసినాను గాని, ఏ గదిలో పడతాదో తెలక మేడంతా ఎతుకుతన్నాను. రేపే నాను పైవేటుగా కట్టిన డిగ్రీ పరీచ్చ."