తీగ కలిపితే

పెళ్లిచూపులకు వచ్చినట్లు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పూరీ గేట్ పేటలోని మా ఇంటికి వచ్చి, ఈ వయసులో నన్ను పెళ్లాడతానన్నారు శంకరనారాయణగారు. కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన నేను ప్రయోగంతోనే బదులిచ్చాను.

చార్జి దాచుకునే ఒకే రకం పెద్ద కెపాసిటర్లు రెండు తెచ్చి, ఒకదాన్ని తొమ్మిది వోల్టులకు నింపి, ఖాళీదానితో తీగ కలిపాను. మీటరు రెండింటికీ నాలుగున్నర చూపింది.

“సమానంగా పంచుకున్నాయి కదండీ! ఏటి పోయినాదట?” అంటూ మురిసిపోయారాయన.

“చార్జి పోలేదు. శక్తిలో సగం మాత్రం ఇద్దరికీ దక్కకుండా వేడైపోయింది. రైల్వేలో సిగ్నళ్ల పని చూసిన మనిషికి ఇదీ తెలియదా?”

ఆయన ఉడుక్కోలేదు. రెండింటినీ విడదీసి, దేనికది తొమ్మిదికి నింపి, మళ్లీ తీగ కలిపారు. మీటరు ముల్లు కదలలేదు.

“నేను ఖాళీగా రాలేదు, మైథిలి గారూ. ఇప్పుడు ఏటి పోయినాదో సెప్పండి.”

“ఏమీ పోలేదు, ఏమీ రాలేదు. అలాంటప్పుడు మధ్యలో ఆ తీగ దేనికండీ, అలంకారానికా?”

ఆయన వాటికొక చిన్న బల్బు తగిలించారు. “లోడ్‌షెడ్డింగ్ అయినప్పుడు, ఒక్కదానికన్నా రెండింతలసేపు ఎలుగుతాది.”

తప్పు పట్టాలని కాగితం మీద రెండుసార్లు లెక్క వేశాను; ఆయన మాటే సరిగ్గా తేలింది. బల్బు వెలుగుతూనే ఉంది.

“అయితే కరెంటు పోయినప్పుడు రండి” అని వీధి తలుపు తీశాను.