గట్టు టవరు బోర్డు

గట్టు ఊరి టవరు గది తలుపు తీయగానే కాలిన వాసన జితేందర్ ముక్కుకు తగిలింది. సిగ్నల్‌ను పెంచే బోర్డు మళ్లీ మాడిపోయింది. తన చేతులతో బిగించి పదిహేను రోజులు కూడా కాలేదు. అతని ప్రాణం ఉసూరుమంది.

గద్వాలలో జితేందర్ మళ్లీ జీపు ఎక్కుతుంటేనే ఇంజనీరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఈసారి తప్పు బిగింపుదని తేలితే రేపటి నుంచి పనికి రావద్దని. పొద్దున్నించి ఇది మూడో టవరు. పైన మే నెల ఎండ. పేదవాడి కోపం పెదవికి చేటు కాబట్టి జితేందర్ సరే సార్ అని ఊరుకున్నాడు.

కాలిన బోర్డు విప్పాడు. దానికీ, వేడిని లాగే అల్యూమినియం దిమ్మకూ మధ్య తెల్లటి పేస్టు తాను పూసినట్టే పలుచగా, సమంగా ఉంది. నాలుగు మరలూ బిగువుగానే ఉన్నాయి. మరి ఎందుకు కాలినట్టు? కొత్తది బిగించేముందు వెనకనున్న ఫ్యాను చూశాడు. రెక్కల మధ్య ఎర్రగళ్ల తువ్వాల కుక్కి ఉంది.

అది వాచ్‌మన్ ప్రభుదాసుది. ఎప్పుడూ అతని తలకు చుట్టి ఉండేదే. ఇవాళ పక్కన నిలబడ్డ అతని తల బోసిగా ఉంది.

"నువ్వేనా ప్రభుదాసూ?"

"నేనే సార్."

బుకాయిస్తాడనుకున్నవాడు ఒప్పేసుకునేసరికి జితేందర్‌కు తిట్టడానికి కూడా ఓపిక చాలలేదు.

"పోయినసారి ఫ్యాన్ ఆగితేనే బోర్డు కాలిందని నీకు నేనే చెప్పిన గద. అంత తెల్సి నా నౌకరికే ఎసరు పెడ్తివి. నీకు నేనేం జేసిన?"

 ప్రభుదాసు జితేందర్ చేయి పట్టుకుని గుమ్మం దాకా తీసుకుపోయి బయట ఆగి ఉన్న కంపెనీ జీపు చూపించాడు. వెనక సీట్లో ప్రభుదాసు భార్య రూతమ్మ కూర్చుని ఉంది. నిండు గర్భిణి అయిన కూతురు శిల్ప ఆమె ఒళ్లో తల పెట్టుకుని, పళ్లు బిగబట్టి మూలుగుతోంది. డ్రైవరు కంగారుగా ఇంజను స్టార్టు చేస్తున్నాడు.

"పొద్దుగాల్నుంచి దవాఖానకు ఫోన్ల మీద ఫోన్లు చేసిన సార్, ఎవ్వరు రాలే," అన్నాడు ప్రభుదాసు. "సిగ్నల్ పోతే మాత్రం గంటలోపట్నే జీపొస్తది."