కొండలమ్మ అల్లుడు

“ఆ డబ్బా జేబులో దాసుకుని కూకుంటే రిపోర్టు ఎలా వత్తాది బాబూ? ఎళ్ళి ఇచ్చిరా.”

కొండలమ్మ గొంతు తగ్గించే అంది. అయినా ల్యాబ్ ముందు కూర్చున్న నలుగురూ తననే చూస్తున్నట్టు అనిపించింది బాబ్జికి. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో వ్యాను తోలే మనిషి. ఎంత బరువు దిమ్మనైనా ఒక్కడే ఎత్తుతాడు. వీర్యం పరీక్షకి మాత్రం మునగపాక నుంచి అత్త వచ్చి వెంటబెట్టుకు రావలసి వచ్చింది.

భార్య లక్ష్మీకుమారికి అన్ని పరీక్షలూ అయ్యాయి. ఏ లోపమూ లేదన్నారు. అయినా బాబ్జి తల్లి అప్పలనర్సమ్మ మొన్న వీధిలో నిలబడి కోడల్ని గొడ్రాలంది. ఆ సంగతి చెవిన పడ్డ మర్నాడే కొండలమ్మ గుమ్మంలో దిగింది.

“ఆ మాట ఇంకోపాలి ఇనలేను బాబ్జీ. పద,” అంది. అంతే.

మూడు రోజుల తర్వాత డాక్టరు చంద్రమౌళి రిపోర్టులు ముందేసుకుని అడిగాడు.

“మూత్రంలో మంట ఉంటోందా?”

“అప్పుడప్పుడూ ఉంటాదండి. ఏడి సేసిందనుకుని మజ్జిగ తాగేసేవోణ్ణి.”

“వృషణాలు ఎప్పుడైనా వాచాయా?”

కొండలమ్మ లేచి బయటికి వెళ్ళబోయింది. “ఉండత్తా,” అన్నాడు బాబ్జి. నేల చూస్తూ చెప్పాడు. “పెళ్ళయిన కొత్తలో ఒకపాలి వాచిందండి. జొరం కూడా వచ్చింది. మందుల షాపులో అడిగి రెండ్రోజులు మాత్రలేసుకున్నాను. నొప్పి తగ్గింది, మానేసేను.”

“తగ్గింది నొప్పి ఒక్కటే. బాక్టీరియా లోపలే ఉండిపోయింది. వీర్యంలో చీము కణాలున్నాయి. దానివల్లే నీ వీర్యకణాల కౌంటు పడిపోయింది, ఉన్నవాటికీ కదలిక లేదు. నాళాలు పూర్తిగా మూసుకుపోలేదు, అది నయం.”

“అంటే అప్పట్నుంచీ ఉందా బాబూ ఇది?” కొండలమ్మ అడిగింది.

“ఉండే ఉంటుందమ్మా.”

డాక్టరు మందులు రాశాడు. “నాలుగు వారాలు వాడాలి. బాగుంది కదా అని మధ్యలో ఆపకూడదు. మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేద్దాం.”

తిరుగు దారిలో ఆమె కిటికీలోంచి చెరకు తోటల్నే చూస్తూ కూర్చుంది. పైట చెంగు రెండుసార్లు కళ్ళ దగ్గరికి వెళ్ళడం బాబ్జి చూశాడు.

“తిట్టత్తా. ఊరుకోకు.”

“తిట్టి ఏటి సేత్తాను? మందు యేళకి ఏసుకో. మీ అమ్మకి మాత్రం నువ్వే సెప్పాల. నేను సెప్తే నమ్మదు.”

ఆ సాయంత్రం, తల్లి నిలబడి అరిచిన ఆ వీధిలోనే, పక్కింటివాళ్ళు వింటుండగా బాబ్జి నోరు విప్పాడు.

“లోపం నాదమ్మా. నాకే జబ్బు. దానికి మందు తింటన్నాను. ఇంక ఎవుల్నీ ఆ మాట అనకు.”

అప్పలనర్సమ్మ అరుగు మీద కూలబడింది. కోడలి వంక చూసింది. కొండలమ్మ ముఖం వైపు మాత్రం కళ్ళెత్తలేకపోయింది.

ఇరవై ఎనిమిది రోజులూ రాత్రి అన్నాల వేళకి మునగపాక నుంచి ఫోను వచ్చేది. “ఏసుకున్నావా?” “ఏసుకున్నానత్తా.” ఆ తర్వాత లక్ష్మీకుమారి ఫోను లాక్కుని “అమ్మా” అంటూ ఊరి కబుర్లన్నీ చెప్పేది.

రెండో రిపోర్టులో చీము లేదు. మరో ఐదు నెలలకి లక్ష్మీకుమారి నెల తప్పింది.

కాన్పు రోజున ఆసుపత్రి వరండాలో కొండలమ్మ పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మధ్యాహ్నం నర్సు తువ్వాల్లో చుట్టిన ఆడపిల్లని తెచ్చి అటూ ఇటూ చూసింది.

“బాలింతకి అమ్మవి నువ్వేనా?”

కొండలమ్మ తడుముకోలేదు. “నేనేనమ్మా,” అని చేతులు చాచింది.

బాబ్జి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

కొండలమ్మ కన్నకూతురు, బాబ్జి మొదటి భార్య, గొడ్రాలని అనిపించుకుంటూనే ఐదేళ్ళ కిందట కన్నుమూసింది.